నామగిరి తాయారు దాసుడు శ్రీనివాస రామానుజన్

కావేరీతీరమునందలి కుంభకోణము వైష్ణవులకు తిరుక్కుడందై. నూటయెనిమిది దివ్యదేశములలో నొకటియైన ఆ క్షేత్రమున శార్ఙ్గపాణిస్వామి శేషశయనుడై వేంచేసియున్నాడు. ఎంత అనుభవించినను తనివితీరని అమృతమను భావముతో ఆళ్వారులు ఆరావముదుడని కొనియాడిన స్వామి ఇతడే. పూర్వము నాథమునులు తమ గ్రామమునకు వచ్చిన యాత్రికుల నోట ఈ స్వామిని గూర్చిన పది పాశురములను వినిరనియు, అవి వేయింటిలోని పది మాత్రమేయని ఆ పాశురములే తెలుపుటచే తక్కినవానికై వెదకుచు ఆళ్వార్ తిరునగరికి వెడలిరనియు, నమ్మాళ్వారుల కృపచే నాలుగువేల పాశురములను లోకమునకు మరల తెచ్చియిచ్చిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. లోపించినదానిని గుర్తించి వెదకుటయు నొక కైంకర్యమేయని ఆ వృత్తాంతము బోధించును.

ఆ స్వామి సన్నిధివీధిలో నొక చిన్న యింట పెరిగినవాడు శ్రీనివాస రామానుజన్. ఆయన పేరు నేడు ప్రపంచమున గణితశాస్త్రము చదివిన ప్రతివానికిని తెలియును. ఆయన గణితవైభవమును, దానియందే దాగియున్న ఒక చిన్న లోపమును, ఆ లోపమువలన తెలియవలసిన తత్త్వమును గ్రహించుటకు ముందుగా ఆయన జీవితమును తెలిసికొనవలెను.

రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడు పట్టణమున మాతామహుల యింట జన్మించెను. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణములో నొక బట్టలదుకాణమున గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయములో భజనలు పాడుచు, ఆ స్వల్పాదాయముతో సంసారమును నెట్టుకొనివచ్చిన సాధ్వి. ఆమెకు చాలకాలము సంతానము లేకపోగా నామక్కల్ క్షేత్రమునందలి నామగిరి తాయారును ప్రార్థింపగా పుత్రోదయమైనదని ఆ కుటుంబమువారి విశ్వాసము. నామక్కల్ కొండను తొలిచి నిర్మించిన ఆలయమున నృసింహస్వామి కొలువైయున్నాడు. ఆ స్వామి దేవేరియే నామగిరి తాయారు. మాతామహి ఆ తల్లికి పరమభక్తురాలు. కుమారునకు శ్రీభాష్యకారుల నామమునే పెట్టుకొనిరి.

బాలుడు పదియవ యేట ప్రాథమికపరీక్షలో తంజావూరు జిల్లాకంతకును ప్రథముడుగా నిలిచెను. 1904లో ఉన్నతపాఠశాలను విడుచునప్పుడు గణితమునకు బహుమానమును పొందెను. కాని అంతకు కొంచెము ముందు, 1903 ప్రాంతమున, కార్ అను ఆంగ్లేయుడు సంకలనము చేసిన గణితగ్రంథ మొకటి ఆయన చేతికి చిక్కెను. సుమారు 5000 ఫలితములను ఉపపత్తులు దాదాపు లేకయే వరుసగా పేర్చిన గ్రంథమది. ఇతరులకు నీరసముగా తోచు ఆ పుస్తకము రామానుజన్‌కు మంత్రపేటికయైనది. ఒక్కొక్క ఫలితమును తానే సాధించుకొనుచు, దానినుండి క్రొత్తవానిని పుట్టించుచు, ఆయన లోకమును మరచెను. ఫలితముగా కళాశాలలో తక్కిన పాఠములు వెనుకబడి విద్యార్థివేతనము పోయినది. 1905లో ఇంట చెప్పకుండ రైలెక్కి విశాఖపట్టణము చేరెను. బిడ్డ యేమైనాడోయని తల్లిదండ్రులు పత్రికలలో ప్రకటన వేయింపవలసివచ్చెను. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరెనుగాని ఎఫ్.ఎ. పరీక్షలో కృతార్థుడు కాలేదు. పట్టము లేదు, ఉద్యోగము లేదు, కాగితములు కొనుటకు సొమ్ము లేదు. పలకపై సుద్దతో లెక్కచేసి, మోచేతితో తుడిచి, చివరకు తేలిన ఫలితమును మాత్రము నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెను.

1909లో ఆయనకు జానకితో వివాహమైనది. సంసారభారము మీదపడగా నోటుపుస్తకములను చంకనిడుకొని ఆశ్రయమునకై తిరిగెను. నెల్లూరు కలెక్టరుగా నుండిన రామచంద్రరావుగారు 1910లో ఆ పుస్తకములను చూచి, ఆ దారిద్ర్యము వెనుక నున్న తేజమును గుర్తించి, నెలకు 25 రూపాయలిచ్చి పోషించిరి. పనిచేయకుండ ఒకరి సొమ్ము తినుట రామానుజన్‌కు మనస్కరింపలేదు. 1912 మార్చిలో మద్రాసు పోర్టుట్రస్టు కార్యాలయమున నెలకు 30 రూపాయల గుమాస్తాపనిలో చేరెను. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు తన సూత్రములను కొన్నింటిని లేఖగా వ్రాసిపంపెను. హార్డీ తన మిత్రుడగు లిటిల్‌వుడ్‌తో కూర్చుండి పరిశీలించి, ఆ లేఖ వ్రాసినవాడు అసాధారణ ప్రతిభావంతుడని నిశ్చయించెను.

కేంబ్రిడ్జినుండి పిలుపు వచ్చినది. కాని ఆ కాలమున ఆచారపరుడగు వైష్ణవునకు సముద్రయానము నిషిద్ధము. తల్లి అంగీకరింపలేదు. ఒకనాటి రాత్రి ఆమెకు స్వప్నమున కుమారుడు విదేశీయుల సభామధ్యమున కూర్చుండియున్నట్లును, నామగిరి తాయారు అతని మార్గమునకు అడ్డుపడవలదని ఆజ్ఞాపించినట్లును కనబడెననియు, అంతట ఆమె సమ్మతించెననియు చెప్పుదురు. రామానుజన్ స్వయముగా నామక్కల్ వెళ్లి సన్నిధిలో నిద్రించి అనుజ్ఞ పొందెనని మరియొక కథనము. ఏదియైనను తాయారు ఆజ్ఞ లేక ఆయన కదలలేదనుట స్పష్టము. శిఖను తీసివేయవలసివచ్చినప్పుడు ఆయన కన్నీరు పెట్టెనని చెప్పుదురు. 1914 మార్చి 17న ఓడ మద్రాసు రేవును విడిచినది.

కేంబ్రిడ్జిలో ఆయన తన గదిలోనే స్వయంపాకము చేసికొనుచు శాకాహారనియమమును పాటించెను. చేరిన కొద్దినెలలకే యూరపులో మహాయుద్ధము రగిలినది. కాయగూరలు దొరకుట కష్టమైనది. చలికి ఓర్వలేని శరీరము కృశించుచుండెను. అట్టి దినములలో, 1915వ సంవత్సరమున, ఆయన ప్రకటించిన ఒక దీర్ఘవ్యాసమే 1916లో ఆయనకు కేంబ్రిడ్జి పట్టమును సంపాదించిపెట్టినది. దాని విషయము అధికసంయుక్త సంఖ్యలు.

పేరు కఠినమైనను విషయము గృహస్థులకు సులభముగా తెలియునదే. ఒక గృహస్థు ఇంట 12 లడ్డూలు ప్రసాదముగా నున్నవనుకొందము. వానిని ఒకరికి, ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి, పన్నెండుగురికి సమముగా పంచవచ్చును. 11 గాని 13 గాని అయినచో ఒకరికే ఇయ్యవలెను, లేదా ఒక్కొక్కటిగా పంచవలెను, మధ్యేమార్గము లేదు. ఇట్లు ఒక సంఖ్యను శేషము లేకుండ భాగించు సంఖ్యలు దానికి భాజకములు. 12నకు భాజకములు 6. పన్నెండుకంటె చిన్నదగు ఏ సంఖ్యకును ఆరు భాజకములు లేవు. తనకంటె చిన్నవానియన్నిటికంటె ఎక్కువ భాజకములు గల ఇట్టి సంఖ్యలే అధికసంయుక్తములు. 60 అట్టిదే, దానికి 12 భాజకములు. ప్రభవాది సంవత్సరములు 60గాను, అహోరాత్రమునకు ఘడియలు 60గాను మన పెద్దలు లెక్కించుట అందరికిని తెలిసినదే. ఎన్ని విధముల పంచినను చెడని సంఖ్య యది.

సంఖ్యలు పెరిగినకొలది ఇట్టివి అరుదగును. వాని నిర్మాణమేమి? వాని వరుస ఎట్లు సాగును? రామానుజన్ ఈ ప్రశ్నలకు సమాధానము సాధించెను. అట్టి ప్రతిసంఖ్యయు 2, 3, 5, 7 మొదలగు ప్రధానసంఖ్యలను క్రమము తప్పక, మధ్య దేనిని విడువక, గుణించుటచే ఏర్పడుననియు; చిన్నప్రధానసంఖ్య ఎన్నిమారులు వచ్చునో దానికంటె పెద్దది ఎక్కువమారులు రాదనియు; చిట్టచివరి ప్రధానసంఖ్య 4, 36 అను రెండింట తప్ప ఒక్కమారే వచ్చుననియు నిరూపించెను. కంప్యూటరులు లేని ఆ కాలమున, 6,74,632 కోట్ల 83 లక్షల 88 వేల 800 వరకు గల అట్టి సంఖ్యలను 102 ఏరి, ప్రతిదాని ప్రక్కను భాజకముల లెక్కతో పట్టికగా కూర్చెను.

ఆ పట్టికలో ఒక్కటి తప్పిపోయినది.

తప్పిపోయిన ఆ సంఖ్య 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600. అంకెలలో 293318625600. పట్టికలో దీనికి ముందుండవలసినది 24,094 కోట్ల 2 లక్షల 99 వేల 600. దాని భాజకములు 4800. తరువాతిది 32,125 కోట్ల 37 లక్షల 32 వేల 800. దాని భాజకములు 5376. ఈ రెంటి నడుమ ఒక ముత్యము జారిపోయినది.

ఆ సంఖ్య సామాన్యమైనదియు కాదు. 2ను ఆరుమారులు, 3ను నాలుగుమారులు, 5ను రెండుమారులు, 7ను రెండుమారులు, తరువాత 11, 13, 17, 19లను ఒక్కొక్కమారు గుణించినచో అది వచ్చును. ఈ మారులకు ఒక్కొక్కటి చేర్చి, అనగా 7, 5, 3, 3, 2, 2, 2, 2లను గుణించినచో భాజకముల లెక్క తేలును. అది సరిగా 5040. ఒకటి మొదలు ఇరువదిరెండు వరకు ఏ సంఖ్యచే భాగించినను దీనియందు శేషము మిగులదు. మొదట శేషమును మిగుల్చునది 23.

ఇంకను వింత కలదు. మూడు భాజకములు గల సంఖ్యలలో చిన్నది 4. నాలుగు భాజకములు గలవానిలో చిన్నది 6. ఆరు గలవానిలో చిన్నది 12. పన్నెండు గలవానిలో చిన్నది 60. అరువది గలవానిలో చిన్నది 5040. ఆ 5040 భాజకములు గలవానిలో అన్నిటికంటె చిన్నది ఏదనగా, పట్టికలో తప్పిపోయిన ఈ 293318625600. ప్రతిమెట్టును తన క్రిందిమెట్టును లెక్కగా ధరించి నిలిచిన సోపానపంక్తి యిది. మొదటి అయిదు మెట్లును రామానుజన్ పట్టికలో ఉన్నవి. ఆరవమెట్టు మాత్రము లేదు.

అంతకంటె ఆశ్చర్యము పట్టిక చివర నున్నది. ఆ తుదిసంఖ్యను విడదీసి చూచినచో, తప్పిపోయిన సంఖ్యను 23చే గుణింపగా వచ్చినదే యది. దాని భాజకములు 5040కు రెట్టింపు, 10080. అనగా ఆయన చేయి విడిచిన సంఖ్య ఆయన వ్రాసిన చివరి సంఖ్యయందే అంతర్లీనమై యున్నది. బాహ్యదృష్టికి కానరాకున్నను లోపల వ్యాపించియున్నదానిని గూర్చి వేదాంతము వినినవారికి ఈ సంగతి విపరీతముగా తోచదు.

ఈ లోపమువలన రామానుజన్ సిద్ధాంతమునకు భంగము లేదు. ఆయన నిరూపించిన నియమములకు తప్పిపోయిన సంఖ్యయు లోబడియే యున్నది. ఆ నియమములచేతనే దానిని ఎవరైనను పట్టుకొనవచ్చును. ఆ వ్యాసము పూర్తిగా అచ్చుకాలేదు. యుద్ధకాలమున లండన్ గణితసంఘమునకు ధనము కొరతపడుటచే కొంతభాగము మిగిలిపోయినది. ఆ మిగిలినభాగమును ఫ్రాన్సుదేశపు పండితులగు నికొలా, రోబాఁ అనువారు వ్యాఖ్యలతో పరిష్కరించి 1997లో వెలువరించిరి. వ్రాసిన ఎనుబది సంవత్సరముల పిమ్మట ఆ గ్రంథము సంపూర్ణమైనది.

కేంబ్రిడ్జిలో హార్డీ నిరీశ్వరవాది. రామానుజన్ భక్తిని ఆయన అంతగా నమ్మలేదు. మన దేశమున ఆయన నెరిగినవారు చెప్పినది వేరు. నామగిరి తాయారు స్వప్నమున సూత్రముల ననుగ్రహించుననియు, నిద్రలేచిన వెంటనే వానిని వ్రాసికొని పిమ్మట సరిచూచుకొందుననియు ఆయన మిత్రులతో చెప్పుచుండెడివాడట. సరిచూచుకొందుననుట ఇచట ముఖ్యము. అనుగ్రహము లభించినదని శ్రమను విడిచినవాడు కాడు. శ్రమపడినానని అనుగ్రహమును మరచినవాడును కాడు.

1917లో ఆయనకు తీవ్రమైన వ్యాధి సోకినది. ఆస్పత్రులు మారుచు కాలము గడపవలసివచ్చెను. పట్నీలో నుండగా హార్డీ వచ్చి, తాను ఎక్కివచ్చిన టాక్సీ సంఖ్య 1729 విశేషము లేనిదని పలుకగా, రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అన్నిటికంటె చిన్నదది యని రోగశయ్యనుండి రామానుజన్ తెలిపెను. 12 ఘనమునకు 1 ఘనమును, 10 ఘనమునకు 9 ఘనమును చేర్చినచో 1729 వచ్చును. ఏ సంఖ్యయు ఆయనకు పరాయిది కాదు. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్పును లభించినవి. మద్రాసు విశ్వవిద్యాలయము సంవత్సరమునకు 250 పౌనులు ఇచ్చుటకు నిర్ణయించినది. తల్లిదండ్రుల పోషణమునకును తన అవసరములకును పోగా మిగిలిన సొమ్మును పేదబాలురకు, అనాథలకు విద్యావేతనములుగా వినియోగింపవలెనని 1919 జనవరిలో ఆయన ఆ విశ్వవిద్యాలయమునకు వ్రాసెను. ఒకప్పుడు విద్యార్థివేతనము పోగొట్టుకొని వీధులు తిరిగినవాని హృదయమునుండి వచ్చిన లేఖ యది. ప్రసాదమును సమముగా పంచవలెనను సంఖ్యాశాస్త్రమును చదివినవాడు ధనమునుకూడ అట్లే పంచదలచెను.

1919 మార్చిలో స్వదేశమునకు తిరిగివచ్చెను. శరీరము ఎముకలగూడుగా మారియుండెను. సముద్రయానమునకు ప్రాయశ్చిత్తముగా రామేశ్వరము తీసికొనిపోవలెనని తల్లి తలచినది. రోగి ఆ ప్రయాణమునకు చాలలేదు. జానకి దివారాత్రములు పరిచర్య చేసినది. బాధ తీవ్రమైనప్పుడును ఆయన కాగితములు కావలెనని అడుగుచు క్రొత్తగణితమును వ్రాయుచునే యుండెను. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో, ముప్పదిరెండవ యేట, ఆయన పరమపదించెను. ఆ కాలమున క్షయగా భావించిన ఆ వ్యాధి కాలేయమున కలిగిన అమీబా వ్యాధియై యుండవచ్చునని, అట్లైన చికిత్సకు లొంగెడిదేయని, 1994లో ఒక వైద్యపండితుడు విమర్శించి చూపెను.

ప్రాయశ్చిత్తము జరుగలేదను కారణముచే బంధువులలో పలువురు అంత్యక్రియలకు రాలేదని జీవితచరిత్రకారులు వ్రాసిరి. తాయారు ఆజ్ఞతో ఓడ ఎక్కినవానికి, పరదేశమున నియమము తప్పక బ్రతికినవానికి, ఆ దినమున నలుగురు స్వజనులు కరవైరి. భాగవతాపచారము భగవదపచారముకంటె ఘోరమని పూర్వాచార్యులు బోధించియున్నారు. ఆచారము భగవద్భక్తికి కంచెవంటిది. కంచె పంటను కాపాడవలెనుగాని పంటనే తరుమరాదు. ఈ ఒక్క లెక్కలో తప్పినవాడు రామానుజన్ కాడు.

మరణానంతరము ఆయన వ్రాతలు దేశాంతరములకు చేరినవి. చివరి యేడాదిలో వ్రాసిన కాగితముల కట్ట ట్రినిటీ కళాశాల గ్రంథాలయమున చాలకాలము ఎవరికిని తెలియక పడియుండగా, 1976లో ఆండ్రూస్ అను అమెరికా పండితుడు దానిని కనుగొనెను. అందలి ఫలితములకు ఉపపత్తులను సమకూర్చుటకు పండితులు దశాబ్దములు శ్రమించిరి. భారతప్రభుత్వము 2012ను జాతీయ గణితసంవత్సరముగా జరిపినది. డిసెంబరు 22 జాతీయ గణితదినముగా నిలిచినది. సన్నిధివీధిలోని ఆ చిన్నయిల్లు స్మారకముగా పరిరక్షింపబడుచున్నది. శార్ఙ్గపాణిస్వామిని సేవింప వచ్చిన యాత్రికులు నాలుగడుగులు వేసి ఆ అరుగును గూడ చూచి పోవచ్చును.

అంతటి మేధావి పట్టికలోనే ఒక సంఖ్య తప్పినది. ఇది ఆయనకు కొరత కాదు, జీవునకు సహజము. లోపము లేని పూర్ణత్వము సర్వేశ్వరుని యొక్కనికే చెల్లును. జీవుడు చేయగలిగినది తన శక్తికొలది చేసి, మిగిలినదానిని తరువాతివారి చేతులలో విడుచుటయే. తిరుక్కుడందై స్వామిని గూర్చిన పది పాశురములు విని నాథమునులు తక్కినవానికై వెదకిరి. ఆ స్వామి వీధిలోనే పెరిగిన దాసుడొకడు 102 సంఖ్యలను వ్రాసి ఒకదానిని విడిచిపోయెను. వెదకినవారికి అదియు దొరకినది.